బలపం తినే పిల్ల

సోమవారం పొద్దున కొత్త బలపాల పెట్టె తెరిచాను. గురువారానికి అందులో నాలుగు ముక్కలు మిగిలాయి. మా ఒకటో తరగతిలో ఉన్నది తొమ్మిదిమంది. ఎంత దిద్దించినా తొమ్మిదిమంది నాలుగు రోజుల్లో ఒక పెట్టె అరగదీయలేరు.

ఎవరు తీస్తున్నారో కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. మూడో తరగతి పిల్ల. ఇంటర్వెల్ గంట కొట్టగానే అందరూ బయటికి పరిగెత్తారు. తను మాత్రం బీరువా పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. బలపాన్ని రాసే బలపంలా పట్టుకోలేదు, చెరుకు ముక్కలా పట్టుకుంది. ముందుపళ్లతో చివర కొరికి, కాసేపు బుగ్గన పెట్టుకుని, నానాక నెమ్మదిగా నమిలింది. ఆ కరకర గుమ్మం దగ్గరున్న నాకు వినపడింది. పెదాల అంచున బూడిదరంగు పూత. నన్ను చూసి నోరు గట్టిగా మూసుకుని తల దించుకుంది.

నేను కోప్పడ్డాను. చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి నోరు కడిగించాను. బలపాల పెట్టె బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇది 2022 నాటి మాట. నేను ఉద్యోగంలో చేరింది 2002లో. అంటే ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మనిషిని. ఆ ఇరవై ఏళ్లలో బలపం తినే పిల్లల్ని ఎంతమందిని చూశానో లెక్కలేదు. ప్రతి ఒక్కరికీ ఇదే చేశాను. నోరు కడిగించడం, పెట్టెకి తాళం వేయడం.

సాయంత్రం ఆ పిల్ల తల్లిని పిలిపించాను. పొగాకు కోతలకి వెళ్లి అప్పుడే తిరిగొచ్చింది, చేతులకి జిగురు ఇంకా వదల్లేదు. మాది ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతం. చలికాలమంతా మా ఊళ్లో తెల్లవారకముందే ఆడవాళ్లు పనికి వెళ్లిపోతారు.

"ఇంటికాడా ఇంతే మేడమ్. పచ్చి బియ్యం గుప్పిళ్లతో తినుద్ది. గోడ సున్నం గీకి తినుద్ది. కొట్టినా మానటం లా. కడుపులో పురుగులున్నాయేమోనని వేపాకు నూరి పోశా."

ఆ వారమే మా ఊరి నర్సు, ఏఎన్‌ఎం, బడికి వచ్చారు. మాటల్లో ఈ సంగతి చెప్పాను, అల్లరి పిల్ల గురించి చెప్పినట్టే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "పిల్లనొకసారి పిలవండి మేడమ్" అన్నారు. దగ్గర కూర్చోబెట్టుకుని, బొటనవేలితో కింది కనురెప్ప మెల్లగా కిందికి లాగి నాకు చూపించారు. ఎర్రగా ఉండాల్సిన చోట తడిసిన కాగితంలా తెల్లగా ఉంది. రెండేళ్లుగా రోజూ నా ఎదురుగా కూర్చున్న పిల్ల. ఆ కళ్లలోకి చూసి 'చదువు' అన్నానే తప్ప ఆ కంటి లోపలి రంగు నేను చూడలేదు. వేలి కొన మీద పొడిచి, చిన్న మిషన్‌లో చుక్క పెట్టారు. 8.4 అని వచ్చింది. అయిదు నుంచి పదకొండేళ్ల పిల్లలకి హిమోగ్లోబిన్ 11.5 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క.

"ఇది అల్లరి కాదు మేడమ్" అన్నారావిడ. "ఒంట్లో ఇనుము తగ్గిన పిల్లలకి మట్టి, సుద్ద, బలపం, పచ్చి బియ్యం ఇలాంటివే తినాలనిపిస్తది. తిట్టినా ఆగరు. లోటు తీరితే చాలామంది వాళ్లంతట వాళ్లే మానేస్తారు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాత పిల్లలంతా వరసగా గుర్తొచ్చారు. మూడో పీరియడ్‌కి ఆవలించే వాళ్లు. కబడ్డీలో రెండు కూతలకే ఆయాసపడి పక్కన కూర్చునే వాళ్లు. పొద్దున నేర్పిన ఎక్కం మధ్యాహ్నానికి మర్చిపోయే వాళ్లు. వాళ్లని సోమరులన్నాను, మొద్దులన్నాను, శ్రద్ధ లేదని ప్రోగ్రెస్ కార్డులో రాశాను కూడా. 2016-18లో దేశమంతటా జరిగిన పోషకాహార సర్వేలో అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో దాదాపు నలుగురిలో ఒకరికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మా బడిలో అప్పుడు 41 మంది. ఆ లెక్కన పదిమంది నా కళ్లముందే ఉన్నారన్నమాట.

ఒక మాట మాత్రం చెప్పాలి. బలపం తిన్న ప్రతి పిల్లకీ రక్తం తక్కువని కాదు. తర్వాత మేం పరీక్ష చేయించిన పిల్లల్లో ఒకడికి 12 పైనే ఉంది, వాడికది ఉత్త అలవాటు. కనురెప్ప చూసి నేను వైద్యురాలిని కాలేను. చూసి, చెప్పాల్సిన వాళ్లకి చెప్పడం వరకే నా పని. అదీ ఇరవై ఏళ్లు చేయలేదు.

మా బళ్లకి గులాబీరంగు మాత్రలు వస్తాయి. ఒకటి నుంచి అయిదో తరగతి వరకు వారానికొకటి. ఒక్కో మాత్రలో 45 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. పెద్ద తరగతుల వాళ్లవి నీలంరంగువి, వాటిలో ఇనుము 60 మిల్లీగ్రాములు. ఈ మాత్రలు బడికి రావడం సులువు, పిల్ల కడుపులోకి వెళ్లడం కష్టం. ఆ పిల్ల సంగతి తెలిశాక ఒక గురువారం మాత్రలు పంచి, బడి వెనక వేపచెట్టు కిందికి వెళ్లి చూశాను. ముందురోజు వాన పడింది. తడిమట్టిలో అక్కడక్కడా గులాబీ మరకలు. పదమూడు లెక్కపెట్టాను. నాలుక కింద దాచుకుని, 'మింగాం టీచర్' అని నోరు తెరిచి చూపించి, చెట్టు దగ్గరికెళ్లి ఊసేశారు. నా రిజిస్టర్లో మాత్రం 41 మందికీ టిక్కు ఉంది.

ఎందుకు ఊస్తున్నారో వాళ్లనే అడిగాను. అంతకుముందు ఏడాది నేను చేసిన తప్పు అప్పుడు బయటపడింది. ఆరోజు వివరాలు పంపాల్సిన గడువు ఉందని, అన్నం గంట దాకా ఆగకుండా పదిన్నరకే మాత్రలిచ్చేశాను. సగంమంది పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్లు. రెండో తరగతి పిల్లాడు వాంతి చేసుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకో ఇద్దరు. గంటలో ఊరంతా బడి ముందుంది. ఒక నాయనమ్మ "మా పిల్లోడికేం పెట్టారమ్మా!" అని ఏడుస్తూ వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు, సాయంత్రానికి ముగ్గురూ ఆడుకున్నారు. భయం మాత్రం ఇళ్లలో ఉండిపోయింది. 'నోట్లో పెట్టుకో, మింగబాకు' అని తల్లులే చెప్పి పంపిస్తున్నారు. ఆ పాపంలో నా వాటా ఉంది.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. అన్నం తిన్న అరగంట తర్వాతే మాత్ర. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు, నేనూ మధ్యలో కూర్చుని నా మాత్ర వాళ్ల ముందే మింగుతాను. గ్లాసెడు నీళ్లు పూర్తిగా తాగాలి. తర్వాత ఒక పద్యం అందరం కలిసి పెద్దగా చెప్తాం. నాలుక కింద మాత్ర పెట్టుకుని పద్యం చెప్పడం కుదరదు కదా. తల్లుల్ని పిలిచి ముందే చెప్పాను: మర్నాడు దొడ్డికి నల్లగా పోతారు, భయపడొద్దు, అది ఇనుము రంగు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఎన్ని మాత్రలు చెట్టు కిందికి పోకుండా ఉండేవో! ఇంకోటి, టీ సంగతి. మా ఊళ్లో నాలుగేళ్ల పిల్లాడు కూడా పొద్దున్నే టీలో బన్ను ముంచుకుని తింటాడు. అన్నంతోపాటో వెంటనేనో టీ తాగితే ఆ తిండిలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. నిమ్మకాయ పిండుకుంటే బాగా ఒంటబడుతుంది. టీ మాన్పించడం నా వల్ల కాలేదు, నిజం. నిమ్మకాయ మాత్రం వంటగదిలోకి వచ్చింది.

వంటగది అంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. అప్పట్లో బడికొచ్చే బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు నూటికి ఒక పాలు కలిపేవాళ్లు. బియ్యప్పిండిలో ఇవి కలిపి మళ్లీ గింజల్లా తీస్తారు. రంగులో కొంచెం తేడాగా ఉంటాయి, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలతాయి. ఒకరోజు వంట చేసే అక్క చేట ముందేసుకుని ఒక్కో గింజా ఏరి పారేస్తోంది. "ఏంటక్కా?" అంటే, "ప్లాస్టిక్ బియ్యం కలిపారు మేడమ్, పసిపిల్లలకి ఎట్లా పెట్టేది?" అంది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఎవరూ చెప్పకపోతే ఆవిడకెలా తెలుస్తుంది? పిల్లల మీద ప్రేమతోనే గంటసేపు వంగి కూర్చుని, వాళ్లకి అందాల్సిన ఇనుమంతా ఏరి బయట పారేసింది. ఆవిడ ఏరిన గింజల్నే చిన్న గిన్నెలో ఉడికించి చేతిలో పెట్టాను. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా పిండైంది. "అన్నమే మేడమ్" అంది. ఇప్పుడు ఊళ్లో ఎవరు ప్లాస్టిక్ అన్నా జవాబు చెప్పేది ఆవిడే.

నేను చేరిన మరుసటేడు, 2003 జనవరిలో మన రాష్ట్రం బళ్లలో వంట మొదలైంది. అంతకుముందు నెలకి మూడు కిలోల బియ్యం ఇచ్చి పంపేవాళ్లు. అది ఇంటి కుండలో అందరి అన్నం అయ్యేది. 2001 నవంబర్లో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని చెప్పాకే పొయ్యి వెలిగింది. ఇప్పుడు ఆ భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కోనసీమ లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన తల్లి పేరది. నాకు చాలా నచ్చింది. 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు పొద్దున్నే రాగిజావ కూడా ఇస్తున్నాం. జావ ఉన్న రోజు మొదటి గంటలో చదివించే పాఠం వేరు, లేని రోజు వేరు. అందుకే కూడబలుక్కుని చదవాల్సిన కొత్త పాఠాలు జావ రోజులకి పెట్టుకున్నాను. లేని రోజు పొద్దున కథలు, పాటలు. అన్నం తిన్నాక లెక్కలు. పైవాళ్లు ఎవరూ చెప్పలేదు ఇలా, పిల్లల కళ్లు చెప్పాయి.

నులిపురుగుల మాత్ర ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, నమిలి తినాలి. తీపిగా ఉంటుంది కాబట్టి దాంతో గొడవ లేదు. గొడవంతా బూట్లతో. కొంకి పురుగు ఒట్టికాళ్ల లోంచే ఒంట్లోకి వెళ్లి పేగుల్లో రక్తం తాగుతుంది. బడి బూట్లిస్తే ఇంట్లో పండక్కి దాస్తున్నారు. 'చిరిగితే మళ్లీ ఇస్తారా మేడమ్?' అని అడిగిన తండ్రికి ఏం చెప్పాలో తోచలేదు.

బలపం తినే ఆ మూడో తరగతి పిల్లకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రోజూ తాగే ఇనుము మందు రాశారు. తల్లి తెల్లవారకముందే పనికి వెళ్లిపోతుంది కాబట్టి సీసా బళ్లోనే పెట్టించుకున్నాను. రోజూ అన్నం తిన్నాక చెంచా పట్టుకుని నా దగ్గరికి వచ్చేది. నెల తిరిగేసరికి ఇంటర్వెల్‌లో గోడ దగ్గర కూర్చోవడం మానేసింది. రెండు నెలలకి 10.6. అప్పటివరకు ఒక వాక్యం పూర్తికాకుండానే ఆగిపోయే పిల్ల, ఆ సంక్రాంతి సెలవుల తర్వాత ఒక పేజీ కథ ఆగకుండా చదివి, పుస్తకం మూయకుండా "ఇంకోటి చదవనా?" అంది. మందు వల్లా, భోజనం వల్లా, వయసు వల్లా, నేను తిట్టడం మానేసినందువల్లా? విడదీసి చెప్పలేను. రెండోసారి పరీక్షకి తల్లిని కూడా రమ్మన్నాను. ఆవిడ కనురెప్ప కూడా తెల్లగానే ఉంది. "ముందు పిల్లదాన్ని చూడండి మేడమ్, నాదేముంది" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఏఎన్‌ఎం ఆ చెయ్యి వదల్లేదు. 7.9. ఆ ఇంట్లో అందరూ తిన్నాక, మిగిలితే తినేది ఆవిడే.

మొన్న జూన్‌లో ఒకటో తరగతిలో కొత్త పిల్లాడు చేరాడు. రెండోరోజే పెదాల మీద బూడిదరంగు పూత కనిపించింది. చేతిలో అరిగిన బలపం. నన్ను చూసి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. బలపం అడగలేదు. పక్కన కూర్చుని, "పొద్దున ఏం తిన్నావు నాన్నా?" అన్నాను. "టీ" అన్నాడు. గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్లి, కింది రెప్ప మెల్లగా లాగి చూశాను. ఇంటర్వెల్ అయ్యేలోపే ఏఎన్‌ఎంకి ఫోన్ చేశాను.