తాతయ్య టూల్ బాక్స్

తాతయ్య ఊళ్లో బోరు మోటార్లు రిపేర్ చేసేవారు. ఆయన పోయాక ఆ ఇనప టూల్ బాక్స్ మా ఇంట్లో మెట్ల కింద తుప్పు పట్టిపోయింది. వేసవి సెలవుల్లో దాన్ని బాగుచేద్దామని కూర్చున్నా.

పానాలు, టెస్టరు బయటికి తీసి, గ్రీజు జిడ్డంతా కిరోసిన్ గుడ్డతో తుడిచా. 80 నంబరు సాండ్ పేపర్‌తో తుప్పు గీకుతున్నా. అదే ఊపులో మూత కూడా రుద్దేస్తుంటే అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆగరా! అక్కడ నాన్న పేరుంది."

మసి కింద తెల్ల పెయింట్‌తో ఆయన రాసుకున్న అక్షరాలు. నేను మరకలనుకున్నా. అప్పటికే ఇంటిపేరు పోయింది. కోడ్ అయితే కంట్రోల్ జెడ్ కొట్టేవాణ్ణి.

"మళ్లీ రాసేస్తాలే అమ్మా," అన్నా.

"నువ్వు రాస్తే అది ఆయన చేతిరాత అవుతుందా?"

నా దగ్గర జవాబు లేదు.

మిగిలిన పేరు మీద టేప్ అంటించి, మిగతా అంతా రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేశా. అది లేకపోతే రంగు కింద మళ్లీ తుప్పు పడుతుంది. ఒక రాత్రి ఆరాక ఆకుపచ్చ ఎనామిల్ రెండు కోట్లు.

పేరున్న చోట మాత్రం కొత్త రంగు లేదు. తుప్పు రాకుండా అప్పుడప్పుడు నూనె గుడ్డతో తుడవాలి. హాస్టల్ నుంచి ఇంటికెళ్లినప్పుడల్లా ముందు ఆ పనే చేస్తున్నా.