యోగక్షేమాలు: క్రీడలోను, కృషిలోను

లేనిదానిని పొందడం యోగం. ఉన్నదానిని రక్షించుకోవడం క్షేమం. గీతలోని ‘యోగక్షేమ’ పదానికి శంకర భగవత్పాదులు చెప్పిన అర్థమిదే. లోకం దీనిని కేవలం కుశలప్రశ్నగా మార్చుకొన్నది గాని, ఈ జంటలో ఒక వైరం దాగి ఉన్నది. క్రొత్తదానికై చేయి చాచినవాడు పట్టుకొన్నదానిని వదలక తప్పదు.

మహబూబాబాద్ ప్రాంతం నుండి ఉద్యోగార్థం మెల్బోర్న్ చేరిన ఒక యువకునికి ఈ వైరం వారంవారం ఎదురవుతున్నది. అక్కడి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ను ఆశ్రయించి ఏఎఫ్‌ఎల్ ఫాంటసీ అనే కల్పితక్రీడ ఉన్నది. 30 మందితో జట్టు కూర్చుకోవాలి. వారు మైదానంలో బంతిని తన్నితే 3, చేతితో అందిస్తే 2, ప్రత్యర్థిని పట్టి నిలిపితే 4, గోల్‌కు 6 చొప్పున అంకాలు. అంకాలను బట్టి ఆటగాని ధర హెచ్చుతగ్గులకు లోనవుతుంది. వారానికి సాధారణంగా రెండు మారకాలు. చవకగా దొరికిన నూతనుణ్ణి, ధర పెరిగాక అమ్మి ప్రౌఢుణ్ణి తెచ్చుకోవడం ప్రధానతంత్రం. అటువంటి చవక ఆటగాళ్లను వారు ‘క్యాష్ కౌ’ అంటారు. గోమాత పేరు విని సంతోషించేవారికి, పాలు ఎండగానే అమ్మివేసే గోసేవ ఇదని తెలిస్తే ఆ సంతోషం నిలవదు!

ఈ యువకుడు సాహసి. ఒక వారం విఫలుడైనవాణ్ణి మరుసటి వారమే త్రోసివేస్తాడు. జనగామవాసి అయిన అతని మిత్రుడు, గాయపడితే తప్ప ఎవరినీ కదిలించడు. వీరిలో వివేకి ఎవరన్న ప్రశ్నే అసంపూర్ణం. ఏఎఫ్‌ఎల్ ఫాంటసీలో వాడని మారకం ఆ వారంతోనే నశిస్తుంది. సూపర్‌కోచ్ అనే సోదరక్రీడలోనో, మారకాలు ఏడాది ఆటకంతటికీ కలిపి ఇన్నేనని నియమం. ఆరంభంలో వెచ్చించినవాడు చివర రిక్తహస్తుడు. ఒకచోట లోభమైనది మరొకచోట వివేకమవుతున్నది.

ఈ భేదాన్ని వారి తండ్రులు ఏ ఫోనూ లేకుండానే ఎరుగుదురు. జనగామ పత్తిరైతుకు తేమ 8 శాతం మించకుంటేనే భారత పత్తి సంస్థ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 12 దాటితే కొనదు. ఆరబెట్టే ఓర్పు లాభం, మబ్బు పట్టిననాడు అదే ఓర్పు నష్టం. మిర్చిరైతు సరుకును వరంగల్ ఎనుమాములకు తోలి, ధర నచ్చకుంటే కోల్డ్ స్టోరేజీలో ఉంచవచ్చు. కాని అద్దె నడుస్తుంది, అప్పుకు వడ్డీ నడుస్తుంది. సగం అమ్మి అప్పు తగ్గించుకొని సగం నిలిపే రైతు, యోగక్షేమాలను ఒకే బండికి ఎక్కించినవాడు. ఇక్కడ ఓడితే పోయేవి అంకాలు కావు. కూతురి పెళ్లి, వచ్చే ఏటి విత్తనం.

ధనం ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఋగ్వేదం పదవ మండలంలోని 34వ సూక్తం సైతం జూదరిని పాచికలు విడిచి సేద్యం చేసుకొమ్మంటుంది. పొలంలో పాచికలు లేవని మిర్చిరైతు ఎదుట చెప్పగలవాడెవడు?

గీత ద్వితీయాధ్యాయంలో భగవానుడు అర్జునుణ్ణి యోగక్షేమాల చింత వదలమన్నాడు. నవమంలో ఆ భారం తానే వహిస్తానన్నాడు. మారకం మానమని కాదు గదా. చేసిన తరువాత కూడా రాత్రంతా తక్కెడ పట్టుకొని కూర్చోవద్దని.

భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలు. ముందు యమస్వరూపుడైన కాళేశ్వరుని, పిదప ముక్తేశ్వరుని అర్చించడం ఆచారం. సెలవులకు వచ్చిన కుమారునితో ఆ తండ్రి అక్కడికి వెళ్లాడు. గోదావరీ ప్రాణహితల సంగమంలో మునిగి లేచి, కుమారుడు తడిబట్టలతోనే ఫోన్ అందుకొన్నాడు. మారకాల గడువు ఇంకొక గంట. తండ్రి స్టోరేజీ రసీదును కండువా కొంగున ముడివేసుకొని, కాళేశ్వరుని వరుసలో ముందుకు జరిగాడు.