నొప్పిది ఏ రాష్ట్రం?



మన అయిజ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఒక ప్రక్క కృష్ణ, మరొక ప్రక్క తుంగభద్ర. మన పొలాలకు వచ్చే ఆర్.డి.యస్. కాలువ నీరు కర్ణాటకలోని రాజోలిబండ ఆనకట్ట దగ్గర బయలుదేరుతుంది. మన ఆడపిల్లలను రాయచూరు వైపు ఇస్తాం, కోడళ్లను కర్నూలు వైపు నుండి తెచ్చుకుంటాం. జబ్బు చేస్తే హైదరాబాదు కంటే కర్నూలే దగ్గర. 2014 జూన్ 2 నుండి కర్నూలు వేరే రాష్ట్రమైంది. అయినా మన రాకపోకలు ఆగలేదు. నీటికి, చుట్టరికానికి, వ్యాపారానికి దారి ఉన్న ఈ నేలమీద ఒక మందుకు మాత్రం చాలాకాలం దారి దొరకలేదు. ఆ మందు పేరు మార్ఫిన్.

ఒక కాపరిగా నేను రోగుల మంచాల ప్రక్కన కూర్చుంటాను. మా సంఘంలో ఒక పెద్దమ్మకు నోటి క్యాన్సర్ వచ్చింది. హైదరాబాదులో చూపిస్తే, ఇక నయం కాదు గానీ నొప్పి తగ్గిస్తామని చెప్పి మార్ఫిన్ మాత్రలు ఇచ్చారు. వాటితో ఆమె రాత్రి నిద్రపోయింది, గంజి త్రాగింది, మనుమలతో మాట్లాడింది. కొన్నాళ్లకు రాయచూరు దగ్గర ఉన్న కూతురి ఇంటికి వెళ్లింది. అక్కడ మాత్రలు అయిపోయాయి. ఆమె కొడుకు హైదరాబాదు చీటీ పట్టుకొని తిరిగాడు. ఒక దుకాణంలో “మా దగ్గర ఉండవు” అన్నారు, ఒక ఆసుపత్రిలో “ఇది మాకు అనుమతి లేని మందు” అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కాని హైదరాబాదు వెళ్లి మందు తెచ్చేవరకు రెండు రాత్రులు ఆ తల్లి తన చీర కొంగు నోట్లో కుక్కుకొని మూలిగింది. ఎందుకు ఇలా జరుగుతుందని నేను తెలిసినవారిని అడిగి తెలుసుకున్న సంగతులు మీతో పంచుకుంటున్నాను.

మార్ఫిన్ నల్లమందు నుండి వస్తుంది. మన వంటింట్లోని గసగసాలు ఏ మొక్కవో, నల్లమందు కూడా ఆ మొక్కదే. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలలో ప్రభుత్వ లైసెన్సుతో రైతులు దానిని పండిస్తారు. ఘాజీపూర్, నీమచ్ పట్టణాలలో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. పరదేశాలకు ఎగుమతి కూడా అయ్యింది. కాని పండించిన దేశంలోనే పేద రోగికి అది అందలేదు.

కారణం 1985లో వచ్చిన మాదక ద్రవ్యాల చట్టం. దొంగ వ్యాపారాన్ని అణచడానికి దానిని కఠినంగా వ్రాశారు. కొన్ని నేరాలకు పదేండ్లకు తక్కువ కాని జైలుశిక్ష పెట్టారు. రాష్ట్రానికొక విధంగా నిబంధనలు ఏర్పడ్డాయి. ఒక ఆసుపత్రి మార్ఫిన్ తెప్పించుకోవాలంటే నాలుగైదు లైసెన్సులు కావాలి. దగ్గర ఉంచుకోవడానికి ఒకటి, రవాణాకు ఒకటి, పంపే రాష్ట్రం నుండి ఎగుమతి అనుమతి, పుచ్చుకునే రాష్ట్రం నుండి దిగుమతి అనుమతి. ఇవన్నీ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాలి. ఒకటి చేతికి వచ్చేసరికి మరొకదాని గడువు తీరేది. అంత బాధ ఎందుకని ఆసుపత్రులు ఆ మందునే మానుకున్నాయి. ఆ మందు వాడకం ఎరుగని డాక్టర్ల తరమే ఒకటి తయారైంది.

ఈ అన్యాయాన్ని చూచి ఊరుకోని వారిలో కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ ఒకరు. 1993లో కాలికట్‌లో తన సహచరులతో కలిసి నొప్పి నివారణ కోసం ఒక సొసైటీని ప్రారంభించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆయనవంటి వారి పట్టుదల వలన 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2015 మే నెలలో కేంద్ర ప్రభుత్వం మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సీకోడోన్, హైడ్రోకోడోన్ అనే ఆరింటిని అత్యవసర మత్తుమందులుగా ప్రకటించి, దేశమంతటికీ ఒకే నియమం పెట్టింది. ఆ పలు లైసెన్సుల బదులు, రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్ దగ్గర “గుర్తింపు పొందిన వైద్య సంస్థ” అనే ఒక్క అనుమతి చాలు. నొప్పి నివారణలో శిక్షణ పొందిన డాక్టరు అక్కడ ఒకరైనా ఉండాలి, ప్రతి మాత్రకూ లెక్క వ్రాయాలి.

ఇక్కడ ఒక సంగతి గ్రహించాలి. ఈ గుర్తింపు సంస్థకు చెందినది, డాక్టరుకు చెందినది కాదు. వారమంతా కర్నూలులో పనిచేసి ఆదివారం గద్వాల వైపు వచ్చి రోగులను చూసే డాక్టరు ఉన్నాడనుకోండి. ఆయన చదువు, శిక్షణ ఆయన వెంట వంతెన దాటి వస్తాయి. మార్ఫిన్ మాత్రం రాదు. ఈ ప్రక్క ఆసుపత్రి కూడా తన రాష్ట్రంలో గుర్తింపు పొంది ఉండాలి. పెద్దమ్మ కొడుకు చేతిలో చీటీ ఉన్నా మందు దొరకకపోవడానికి కారణం ఇదే.

ఇది మన దేశంలోనే ఉన్న చిక్కు కాదు. అమెరికాలో మన తెలుగు డాక్టర్లు ఎందరో ఉన్నారు. అక్కడ ఇటువంటి మందులు వ్రాయాలంటే కేంద్ర ప్రభుత్వ మాదక ద్రవ్యాల శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. రెండు రాష్ట్రాలలో ఆ మందులు వ్రాసే డాక్టరు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలో వేరుగా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని 2006లో ఆ శాఖ స్పష్టం చేసింది. 2020లో కరోనా వచ్చినప్పుడు, రోగులు నష్టపోకూడదని ఆ నియమాన్ని తాత్కాలికంగా సడలించింది. అదే సంవత్సరం మన దేశంలో ఫోను ద్వారా వైద్యం చేయడానికి నియమాలు వచ్చాయి గాని, మాదక ద్రవ్యాల చట్టం క్రిందికి వచ్చే మార్ఫిన్ వంటి మందులను ఫోనులో వ్రాయకూడదని నిషేధించారు.

ఇంత కాపలా ఎందుకని మీరు అడగవచ్చు. కాపలా అవసరమే. 1996లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన ఒక నొప్పి మాత్రను హద్దు లేకుండా వ్రాయడం వలన అక్కడ ఎన్నో కుటుంబాలు పాడైపోయాయి. అంత దూరం ఎందుకు? మన పాలమూరులో కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం కలిపి అమ్మిన సంగతి మనకు తెలియనిదా? 2015లో అధికారులు దానిని అరికట్టినప్పుడు, అలవాటుపడినవారు వణుకుతూ, పిచ్చి మాటలు మాట్లాడుతూ ఆసుపత్రుల పాలయ్యారు. కాబట్టి తలుపుకు గడియ ఉండాలి. అయితే గడియ దొంగను ఆపడానికే గాని, ఇంటి బిడ్డను బయట నిలబెట్టడానికి కాదు.

పెద్దమ్మ కూడా మొదట భయపడింది. “అయ్యగారూ, ఈ గోలీలు మింగితే కల్లుకు పడినట్లు దీనికీ అలవాటు పడతనేమో” అని అడిగింది. డాక్టరు చెప్పిన లెక్కప్రకారం క్యాన్సర్ నొప్పికి వాడేవారు ఆ విధంగా బానిసలు కావడం అరుదు. కాని శరీరం మందుకు అలవాటుపడుతుంది గనుక ఒక్కసారిగా మానకూడదు. మలబద్ధకం వస్తుంది గనుక దానికి వేరే మందు కూడా వాడాలి.

నొప్పి భరించడమే విశ్వాసమని కొందరంటారు. సిలువ దగ్గర ప్రభువు బోళము కలిపిన ద్రాక్షారసం పుచ్చుకోలేదు గదా అని చూపిస్తారు. ఆయన మన నిమిత్తం పూర్ణ మనస్సుతో ఆ గిన్నె త్రాగాడు. అది రక్షకుని పని, మన పెద్దమ్మ మీద మోపవలసిన భారం కాదు. అదే ప్రభువు చెప్పిన ఉపమానంలో గాయపడినవాని నొప్పికి నూనె, ద్రాక్షారసం పోసినవాడు సమరయుడు. అతడు హద్దు అవతలివాడు. నీది ఏ ఊరని అడిగి గాయం కట్టలేదు.

ప్రియులారా, మన చేతిలో ఉన్న పని కొంత ఉంది. నయం కాని జబ్బు అని చెప్పినప్పుడు, “పాలియేటివ్ కేర్ ఎక్కడ ఉంది? మార్ఫిన్ ఎక్కడ ఇస్తారు?” అని పేరు పెట్టి అడగండి. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలత్ గారి ఆధ్వర్యంలో ఈ సేవ పెరిగింది. జిల్లా ఆసుపత్రిలో కూడా విచారించండి. వేరే రాష్ట్రానికి ప్రయాణమైతే, తిరిగి వచ్చేవరకు సరిపడే మందు ముందే అడిగి తీసుకోండి. డాక్టరు వ్రాసి ఇచ్చిన మేరకు రోగి తన మందును దగ్గర ఉంచుకోవచ్చు, అది నేరం కాదు. చీటీ మాత్రం మందుతోనే ఉంచండి. రోగి రాలేకపోతే ఏ కాగితాలు తెస్తే ఇంటివారికి ఇస్తారో ముందే తెలుసుకోండి. మాత్రలు తాళం వేసిన పెట్టెలో పెట్టండి. మిగిలినవి ఇరుగుపొరుగుకు పంచకుండా ఇచ్చిన చోటే అప్పగించండి.

మందు కోసం హైదరాబాదు బస్సు ఎక్కే కొడుక్కి దారి ఖర్చులివ్వడం, అతడు వచ్చేవరకు రోగి దగ్గర ఒకరు కూర్చోవడం సంఘం చేయగల పరిచర్య. మన జిల్లాలో ఒక్క ఆసుపత్రి అయినా ఈ గుర్తింపు పొందాలని అధికారులను వినయంగా అడగడం కూడా పరిచర్యే. రోగుల కొరకు మోకాళ్లూనే సంఘం, వారి కొరకు ఒక అర్జీ కూడా వ్రాయాలని నా మనవి.