అనకాపల్లి నుండి షార్జా దాకా: ఇల్లాలి ప్రయాణం, అధికారి ప్రశ్న

అనకాపల్లి అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది బెల్లం. శారదా నది పరీవాహకంలోని చెరకు తోటలు, బెల్లం దిమ్మలతో నిండే మార్కెట్టు, వేలం పాటలు, కమీషన్ వ్యాపారుల చీటీలు ఈ పట్టణపు నిత్యజీవితం. 2022 ఏప్రిల్ 4 నుండి ఇది జిల్లా కేంద్రం కూడా. చెన్నై నుండి హౌరా వెళ్ళే రైలు మార్గమూ, 16వ నంబరు జాతీయ రహదారీ ఈ ఊరి మీదుగానే సాగుతాయి. కనుక ప్రయాణమనేది ఇక్కడివారికి కొత్త కాదు. కడప, కోనసీమ ప్రాంతాలతో పోల్చితే గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు ఇక్కడ తక్కువే. అయినా మన వీధులలో వెల్డింగు, ఎలక్ట్రికల్, డ్రైవింగు పనులపై షార్జాలోనో, దమ్మామ్‌లోనో, కువైట్‌లోనో ఉన్న భర్తల కోసం ఎదురుచూసే ఇల్లాళ్ళు ఉన్నారు.

కొన్నాళ్ళకు భర్తకు కాస్త మంచి జీతం, ఉండటానికి ఒక గది సమకూరుతాయి. "రెండు నెలలు వచ్చి వెళ్ళు" అని కబురు వస్తుంది. అప్పుడు ఆ కుటుంబం మద్రసాకు వస్తుంది. కారణం ఒక్కటే. వారి నికాహ్‌నామా ఉర్దూలో ఉంటుంది, దానిని చదివి చెప్పేవారు కావాలి. ఇలా ఎన్నో సంవత్సరాలుగా మేము కాగితాలు చదివి పెడుతున్నాము. చదివి పెడుతూ గమనించిన సంగతులను ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము.

అందరి భయమూ ఒకటే: "విమానాశ్రయంలో ఏమి అడుగుతారో, ఏమి చెప్పాలో నేర్పండి." మా సమాధానం కూడా ఎప్పుడూ ఒకటే. నేర్చి అప్పజెప్పవలసిన జవాబులంటూ ఏవీ లేవు. కాగితం చెప్పేదీ, నోరు చెప్పేదీ, ఇంట్లో జరిగినదీ ఒక్కటై ఉంటే చాలు. సిద్ధత అంటే ఈ మూడింటినీ ప్రయాణానికి ముందే సరిచూసుకోవడం.

మొదట అధికారి ఎందుకు అడుగుతాడో తెలుసుకోవాలి. 1983 నాటి వలసల చట్టం ప్రకారం, పదవ తరగతి ఉత్తీర్ణులు కాని సామాన్యుల పాస్‌పోర్టు 'ఇ.సి.ఆర్.' కోవలోకి వస్తుంది. వీరు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రభుత్వ వలస అనుమతి తీసుకోవాలి. 30 ఏళ్ళు నిండని స్త్రీలను ఈ దేశాలకు ఇంటిపనికి పంపడానికి ఆ అనుమతి లభించదు. ఈ నియమాన్ని దాటవేయడానికి కొందరు దళారులు పేద స్త్రీలను విజిట్ వీసాపై పంపుతారు. "అడిగితే చుట్టపుచూపుగా వెళ్తున్నానని చెప్పు" అని నేర్పుతారు. అలా వెళ్ళిన స్త్రీకి నమోదైన ఒప్పందం ఉండదు. సక్రమంగా వెళ్ళే శ్రామికులకు దక్కే ప్రవాసీ భారతీయ బీమా యోజన రక్షణ ఉండదు. జీతం రాకున్నా, హింసకు గురైనా ఏ కాగితమూ ఆమె పక్షాన నిలువదు. కనుక యువతి ఒంటరిగా విజిట్ వీసాపై వెళ్తుంటే ఇమిగ్రేషన్ కౌంటరులోని అధికారి రెండు ప్రశ్నలు ఎక్కువ వేయడం ఆమెను అవమానించడానికి కాదు. అటువంటి ప్రశ్న ఒక అభాగ్యురాలిని కాపాడవచ్చు.

నిజంగా భర్త వద్దకు వెళ్ళే ఇల్లాలికి ఆ వలస అనుమతి అవసరం లేదు. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్నా, ఉద్యోగానికి కాకుండా చూడడానికి వెళ్ళేవారు చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, వీసా, తిరుగు టిక్కెట్టు చూపిస్తే సరిపోతుంది. ఈ సంగతి తెలియక దళారికి డబ్బు చెల్లించుకున్న కుటుంబాలను మేము చూశాము.

దైవప్రవక్త (సఅసం) జీవితంలోని ఒక సంఘటన ఇక్కడ మనకు మార్గదర్శకం. రమజాన్ చివరి రోజులలో ఆయన మస్జిద్‌లో ఏతెకాఫ్‌లో ఉండగా సతీమణి హజ్రత్ సఫియ్యా (రజి) చూడవచ్చారు. రాత్రివేళ ఆమెను సాగనంపడానికి ఆయన లేచి వెళ్తుండగా ఇద్దరు అన్సారులు ఆ దారిన పోతూ కనిపించారు. ఆయన వారిని ఆపి, ఈమె సఫియ్యా అని తామే తెలియజేశారు. వారు ఆయనను శంకించేవారు కారు. అయినా షైతాన్ మనసులో ఏదైనా చెడు తలంపు వేయకూడదని ఆయన అలా చేశారు. తమ దాంపత్యాన్ని స్పష్టంగా చెప్పి అనుమానానికి తావు లేకుండా చేయడాన్ని ఆయన చిన్నతనంగా భావించలేదు. మనము మాత్రం "నా భార్యను అడగడానికి వాడెవడు?" అని ఉడికిపోతాము.

ఇక కాగితాల సంగతి. అప్పు లావాదేవీలను వ్రాసి పెట్టుకోవాలనీ, సాక్షులను ఉంచుకోవాలనీ ఆదేశించే ఆయతు దివ్య ఖుర్ఆన్‌లోనే అతి పెద్ద ఆయతు. వ్రాతకు అంత విలువ ఇచ్చిన ధర్మాన్ని నమ్మిన మనము నికాహ్‌నామాను ఎలా వ్రాస్తున్నాము? షేక్ అనే ఒక్క ఇంటిపేరునే ఆంగ్ల లిపిలో మూడు నాలుగు విధాల వ్రాస్తారు. ఆధార్‌లో ఒకటి, పదవ తరగతి పత్రంలో ఒకటి, పాస్‌పోర్టులో మరొకటి. నికాహ్‌నామాలో వధువు పేరు చివర 'బీ' ఉంటే, పాస్‌పోర్టులో 'బేగం' ఉంటుంది. వరుడిని ఇంట్లో పిలిచే పేరే కొన్నిచోట్ల నికాహ్‌నామాలోకి ఎక్కుతుంది.

తేదీలో మరొక చిక్కు ఉంది. ఇస్లామీయ దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ఇషా తరువాత జరిగిన నికాహ్‌కు హిజ్రీ తేదీ మరునాటిది పడుతుంది, ఆంగ్ల తేదీ ఆనాటిదే ఉంటుంది. నికాహ్‌నామాలో హిజ్రీ తేదీ ఒక్కటే ఉంటే, అనువాదకుడు పంచాంగం చూసి లెక్కకట్టి ఒక రోజు అటు ఇటుగా వ్రాస్తాడు. భార్య ఒక తేదీ చెబుతుంది, కాగితం మరొకటి చెబుతుంది. ఇద్దరిదీ నిజమే, కానీ అధికారికి అది పొంతన లేని మాటగా వినిపిస్తుంది. అందుచేత ఖాజీ సాహెబులకు మా మనవి: రెండు తేదీలనూ వ్రాయండి, పేర్లను పాస్‌పోర్టు చూసి ఒక్కొక్క అక్షరం వ్రాయండి.

మన రాష్ట్రంలో వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ 2002లో చట్టం వచ్చింది. నమోదు పత్రం ఉంటే సగం శ్రమ తగ్గుతుంది. భార్యకు నివాస వీసా తీసుకోవాలంటే ఎమిరేట్స్ వారు ఆ పత్రంపై మన రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, వారి రాయబార కార్యాలయం వరుసగా వేసిన ధ్రువీకరణలు కోరుతారు. సౌదీ అరేబియా 2022 డిసెంబరు నుండి అపోస్టిల్ ఒడంబడికలో ఉంది. భారతదేశం 2005 నుండే అందులో ఉంది కనుక అక్కడికి మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర చెల్లుతుంది. పెళ్ళయినంత మాత్రాన పాస్‌పోర్టులో పేరు మార్చుకోవలసిన అవసరం లేదు. స్త్రీ తన తండ్రి వంశనామాన్ని నిలుపుకోవడం మన సంప్రదాయమే. భర్త పేరును పాస్‌పోర్టులో జీవిత భాగస్వామి గడిలో చేర్పించుకుంటే మాత్రం ఎంతో మేలు. ఆ పనికి విశాఖపట్నం పోయిరావడం ఒక పూట ప్రయాణం.

కాగితం సరి అయిన తరువాత మిగిలినది నోటి మాట. ఇక్కడే మన ఇళ్ళలోని అసలు లోపం బయటపడుతుంది. ఒకసారి మూడేళ్ళుగా భర్తను చూడని ఒక కోడలిని వెంటబెట్టుకుని అత్తమామలు వచ్చారు. అధికారి అడిగే తీరున మేము అడిగి చూశాము. "అమ్మా, నీ భర్త పేరేమిటి?" ఆ అమ్మాయి తల వంచుకుంది. "ఏ కంపెనీలో పని?" మామగారు జవాబిచ్చారు. "ఎక్కడ ఉంటారు?" మరల మామగారే. "ఎప్పుడు తిరిగి వస్తావు?" "వాడు పంపినప్పుడు వస్తుంది, మౌల్వీ సాబ్" అన్నారు అత్తగారు. ఆ అమ్మాయి పదవ తరగతి చదివినది, తెలివైనది. తెలియక కాదు, చెప్పనివ్వక ఆమె మౌనంగా ఉంది. షంషాబాద్ కౌంటరు ముందు మామగారు నిలబడరు కదా!

భర్త పేరు ఉచ్చరించకపోవడం మర్యాద అని మన ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. అది ఆచారమే కానీ ధర్మం కాదు. హజ్రత్ ఆయిషా (రజి) ప్రసన్నంగా ఉన్నప్పుడు ముహమ్మద్ ప్రభువు సాక్షిగా అనీ, అలిగినప్పుడు ఇబ్రాహీమ్ ప్రభువు సాక్షిగా అనీ ప్రమాణం చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. భర్త పేరు ఆమె నోట అంత సహజంగా పలికేది.

జవాబులను కంఠస్థం చేస్తే కలిగే హానికి చరిత్రలో సాక్ష్యం ఉంది. 1910 నుండి 1940 వరకు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఏంజెల్ ఐలాండ్ అనే దీవిలో చైనా నుండి వచ్చినవారిని నిర్బంధించి విచారించేవారు. మీ ఇంటికి మెట్లు ఎన్ని, ఊరి బావి ఎటువైపు అని అడిగి, బంధువులు చెప్పిన దానితో సరిపోల్చేవారు. ఆ అన్యాయపు చట్టానికి భయపడి జనం ప్రశ్నోత్తరాల పుస్తకాలు తయారుచేసుకుని ఓడలో వల్లించేవారు, ఒడ్డు చేరకముందే సముద్రంలో పారవేసేవారు. వల్లించిన మాటలో ఒక్కటి తప్పితే నిజమైన కొడుకు కూడా అబద్ధీకుడయ్యేవాడు.

అధికారి ప్రశ్నకు హద్దు ఉందని కూడా గుర్తుంచుకోవాలి. 1979లో లండన్ హీత్రూ విమానాశ్రయంలో, వివాహం కోసం వెళ్ళిన ఒక భారతీయ ఉపాధ్యాయురాలిని సిగ్గుమాలిన శరీర పరీక్షకు గురిచేశారు. సంగతి పత్రికలకెక్కి రెండు దేశాలలోనూ ఆగ్రహం చెలరేగిన తరువాత బ్రిటిష్ ప్రభుత్వం ఆ పరీక్షను నిలిపివేసింది. ఆమె మాట్లాడినందువల్లనే అది ఆగింది. ముసుగు తీసి ముఖం పోల్చవలసి వస్తే స్త్రీ అధికారిని పిలవమని వినయంగా కోరవచ్చు. ప్రశ్న అర్థం కాకపోతే మరల అడగమనవచ్చు. తెలియనిదానికి తెలియదని చెప్పవచ్చు. భర్తకు ఫోను చేయనివ్వమని అడగవచ్చు.

స్త్రీ ఒంటరి ప్రయాణంపై ధర్మవేత్తల మధ్య చర్చ ఉంది. మహ్రమ్ విషయం మీ ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి. ఎవరు వెంట వెళ్ళినా, కౌంటరులో ఎవరి జవాబు వారే చెప్పాలి.

సంచీ గురించి ఒక మాట. అనకాపల్లి నుండి బయలుదేరే ఇల్లాలు బెల్లం తీసుకెళ్ళకుండా ఉండదు. తీసుకెళ్ళవచ్చు. కానీ మసాలా పొట్లంలో గసగసాలు ఉండకూడదు. మన వంటింటి దినుసు అయిన గసగసాలు ఎమిరేట్స్‌లో, సౌదీలో నిషిద్ధ పదార్థం. అవి సంచీలో దొరికి జైలు పాలైనవారు ఉన్నారు. కొన్ని నొప్పి మాత్రలూ, దగ్గు మందులూ అక్కడ నియంత్రణలో ఉన్నాయి కనుక వైద్యుని చీటీ దగ్గర ఉంచుకోవాలి. పొరుగువారి అబ్బాయికి ఇవ్వమని ఎవరైనా అందించే పొట్లాన్ని విప్పి చూడకుండా పెట్టుకోరాదు.

సాయంత్రం అనకాపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి హైదరాబాద్ చేరవచ్చు. అక్కడినుండి షంషాబాద్, ఆపై నాలుగు గంటల విమాన ప్రయాణం. దారి ఇంతే. ఈ దారిలో ఆమె చేతిసంచీలో ఉండవలసినవి: కనీసం ఆరు నెలలు గడువున్న పాస్‌పోర్టు, వీసా ప్రతి, తిరుగు టిక్కెట్టు, వివాహ పత్రమూ దాని అనువాదమూ, భర్త నివాస గుర్తింపు కార్డు ప్రతి, ఆయన చిరునామా, ఫోను నంబరు వ్రాసిన కాగితం. ఫోనులో ఛార్జింగు అయిపోయినా కాగితం పలుకుతుంది.

పరదేశంలో ఉన్న సోదరులకు చివరిగా ఒక మాట. మీ కంపెనీ పేరు, గది చిరునామా, జీతమెంతో మీ భార్యకు తెలుసా? నెలనెలా డబ్బు తండ్రి ఖాతాకు పంపి, వివరాలన్నీ ఆయనకే చెప్పి, భార్యకు టిక్కెట్టు మాత్రమే పంపితే ఆమె ప్రయాణికురాలు కాదు, పార్సిలు. అధికారి అడిగే ప్రతి ప్రశ్నా ఆమెకు మీరు ఎన్నడో చెప్పి ఉండవలసిన జవాబే. వీసా వచ్చిన రోజున ఒక గంట ఫోను పట్టుకుని కూర్చోండి. ఆమె అడగనివ్వండి, మీరు చెప్పండి. అత్తమామలు ఆ గంటసేపు పక్క గదిలో ఉంటే మంచిది. తన పేరూ, భర్త పేరూ, వెళ్ళే చోటూ, తిరిగివచ్చే రోజూ ఆమె తన నోటితో చెప్పగలిగిన నాడు, ఇన్షా అల్లాహ్, ఏ కౌంటరు ముందూ ఆమెకు తల వంచుకోవలసిన అవసరం రాదు.