హీలో వానలో హులా పాట

హవాయి అనగానే మన కళ్ళముందాడేది సినిమా హవాయే! గడ్డిపరికిణీ, మెడలో పూలదండ, కొబ్బరిచెట్ల నీడన ఓ ప్రేమపాట. 1961లో ఎల్విస్ ప్రెస్లీ 'బ్లూ హవాయి' వచ్చాక ఆ బొమ్మ మరీ స్థిరపడిపోయింది. ఆ బొమ్మలో లేని హులా చూడాలంటే హీలో వెళ్ళాలి. ఈస్టర్ పండగ వారంలో అక్కడ మెర్రీ మోనార్క్ ఉత్సవం జరుగుతుంది.

హీలోలో వాన ఎప్పుడూ ఉండేదే. గొడుగు మరిచిపోకండి! 1960లో సునామీ ఈ ఊళ్ళో 61 మందిని పొట్టన పెట్టుకుంది. ఊరు మళ్ళీ లేవాలి, నలుగురూ రావాలి అని 1964లో ఈ ఉత్సవం మొదలెట్టారు. మొదట్లో రాజుగారి గడ్డంలాంటి గడ్డం ఎవరికుందో పోటీ పెట్టారట, చెప్పొద్దూ! హులా పోటీ 1971లో ఆడవాళ్ళతో మొదలైంది. మగవాళ్ళు 1976లో వచ్చి చేరారు.

ఆ రాజుగారి పేరు కలాకౌవా. సరదా మనిషి. 1881లో ప్రపంచమంతా చుడుతూ మన కలకత్తా, బొంబాయి కూడా చూసి వెళ్ళాడు. అంతకు యాభై ఏళ్ళ ముందే, 1830లో, క్రైస్తవం పుచ్చుకున్న రాణి కాఅహుమను హులా నలుగురిలో ఆడరాదని శాసించింది. ఈయన 1883లో పట్టాభిషేకం చేసుకుంటూ రాజభవనం ముందే ఆడించాడు. హులా పాటల కార్యక్రమపత్రం బూతుగా ఉందని కోర్టులో కేసు కూడా నడిచింది!

శుక్రవారం రాత్రి పాత పద్ధతి హులా, 'కహికో'. గిటారు లేదు, మైకు హంగామా లేదు. గురువు కింద కూర్చుని రెండు సొరబుర్రలు అతికించిన వాద్యాన్ని నేలకేసి కొడుతూ గొంతెత్తాడు. ముప్ఫైమంది పాదాలు ఒక్కటై పడ్డాయి. సినిమా కెమెరా ఎప్పుడూ నడుం దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ కథంతా చేతుల్లో ఉంది. వాన, లెహువా పువ్వు, అగ్నిపర్వతం, రాజవంశం... పాటలో ఏముంటే అదే చేతుల్లో. మన కూచిపూడి అభినయం ఎరిగినవాళ్ళకి ఇది ఇట్టే అందుతుంది.

నా పక్కన ఎనభై దాటిన పెద్దావిడ. మనవరాలు స్టేజిమీద ఉందిట. 1896 చట్టంతో బళ్ళల్లో హవాయి భాషలో చదువు చెప్పడం పోయింది. ఈవిడ తల్లి బళ్ళో సొంతభాష మాట్లాడి బెత్తం దెబ్బలు తింది. ఆ భయంతో పిల్లలకు నేర్పలేదు. 1978లో హవాయి మళ్ళీ అధికారభాష అయింది, 1980లలో ఆ భాషలోనే చెప్పే బళ్ళు వచ్చాయి. మనవరాలు అలాంటి బడిలో చదివింది. "పాట నాకు సగమే తెలుస్తుంది. ఇంటికెళ్ళాక తనే చెప్పాలి" అందావిడ, కళ్ళు స్టేజిమీంచి తిప్పకుండా.

శనివారం కొత్త పద్ధతి, 'అవానా'. ఉకులేలే, గిటార్లు, రంగురంగుల గౌన్లు. స్టీల్ గిటారు సాగదీసి పలికేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. జోసెఫ్ కెకుకు అనే హవాయి కుర్రాడి చేతిలో పుట్టిన ఆ వాయిద్యం కలకత్తా మీదుగా మన సినిమా పాటల్లోకి నడిచొచ్చింది మరి! విశ్వమోహన్ భట్ 1994లో గ్రామీ గెలిచిన మోహనవీణ కూడా దాని చుట్టమే.

ఆ మాటే చెబితే పెద్దావిడ నమ్మలేదు. "ఏదీ, ఒక పాట పాడండి" అంది. పల్లవి అందుకున్నానో లేదో, వెనక వరసవాళ్ళు "ష్!" అన్నారు.