పెలే కొండ నీడ నుంచి కాకినాడకు ఉత్తరాలు

మార్టినీక్ దీవిలోని సేన్ పియేర్ మ్యూజియంలో ఒక కంచు గంట ఉంది. 1902 మే 8 దాకా ఊరి పెద్ద చర్చిలో మోగిన గంట అది. ఆ పొద్దున్న ఎనిమిదింటి వేళ పెలే అగ్నిపర్వతం పేలింది. మండే వాయువులూ బూడిదా కొండ మీంచి దూసుకొచ్చి నిమిషాల్లో పట్టణాన్ని మట్టుపెట్టాయి. సుమారు 28,000 మంది పోయారు. గంట మాత్రం మిగిలింది, మెట్ల మీంచి దొర్లిపడ్డ ఇత్తడి బిందెలా సొట్టలు పోయి, వంకర తిరిగి.

భర్తతో కలిసి కరీబియన్ దీవులు తిరుగుతున్న ఒక రిటైర్డ్ హిస్టరీ టీచరమ్మ, కాకినాడలోని చెల్లెలికి మ్యూజియం చూసిన రాత్రి రాసిన ఉత్తరంలో ఈ గంటకే రెండు పేజీలు ఇచ్చారు. పక్కనే కరిగి ముద్దకట్టిన గాజు సామాన్లు, మాడి బొగ్గయిన తిండి పదార్థాలు. "పండగ రోజే అది, ఎవరింట్లో ఏం వండుకుంటున్నారో!" అని రాసి, ఆ కింద వాక్యం పూర్తి చేయలేదు. నాటకశాల శిథిలాల పక్కన రాతి జైలు గది చూశాక మాత్రం ఆవిడకు కోపం వచ్చింది. మందపాటి గోడల పుణ్యమా అని అందులో ఉన్న ఖైదీ సిపారిస్ ఒళ్లంతా కాలినా బతికాడు. తరువాత బార్నమ్ అండ్ బెయిలీ సర్కస్ వాళ్లు అతన్ని ఊరూరా తిప్పి చూపించారు. "ఊరంతా పోగొట్టుకున్నవాడికి టిక్కెట్టు పెట్టారే" అన్న మాట కింద గట్టిగా గీత గీసి ఉంది.

అదే ఉత్తరంలో ఫోర్ ద ఫ్రాన్స్‌లోని షోల్షేర్ లైబ్రరీకి దక్కింది ఒక్క వాక్యం: ముచ్చటైన ఇనుప భవనం, పారిస్‌లో నిలబెట్టి, విప్పి, ఓడలో తెచ్చారు.

మిగతా పేజీలన్నీ బండి కిరాయి గొడవే. మార్టినీక్‌లో షేర్ వ్యాన్లు సాయంత్రానికల్లా ఆగిపోతాయి. ఇక దొరికేది టాక్సీయే. పొద్దున ఒక రేటు చెప్పినతను, తిరుగు ప్రయాణంలో చీకటి పడిందని రేటు పెంచాడు. ఈవిడకొచ్చిన ఫ్రెంచి నాలుగు ముక్కలు, అతనిది గలగలా పారే క్రియోల్. చివరకు సంచీ నిండా కూరలతో పక్కన నిలబడ్డ పెద్దావిడ ఒకరు అతన్ని తగులుకుని పాత రేటుకే ఒప్పించారు. ఆ పెద్దావిడ గురించి అరపేజీ ఉంది: ఆకుపచ్చ గళ్ల తలగుడ్డ, చేతిలో తోటకూర లాంటి కట్ట, మాట్లాడేటప్పుడు ఎగిరే కనుబొమలు. "అచ్చం మన పెద్దత్తయ్య. బేరమాడితే అవతలివాడు దణ్ణం పెట్టాల్సిందే!"

వాన మొదలైంది, జలుబు చేసింది. తరువాతి ఉత్తరం అంతా విసుగే. మూడో రోజు ఆవకాయ కలియబెట్టావా, నూనె పైకి తేలిందా, అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోందా అని వరసగా ప్రశ్నలు. "మీ బావగారు మ్యూజియాలకు ఏసీ కోసమే వస్తున్నారు, బల్ల కనబడితే చాలు కునుకే" అని ఒక ఫిర్యాదు.

ఎండ కాసిన రోజు రాసిన ఉత్తరం మాత్రం వేరు. ల దియామాన్ ఊరి దగ్గర ఆన్స్ కఫార్‌లో సముద్రానికి ఎదురుగా పదిహేను తెల్లటి విగ్రహాలున్నాయి. ఒక్కొక్కటి రెండున్నర మీటర్ల ఎత్తు, భుజాలు వంచుకుని, తలలు దించుకుని, ఆఫ్రికాలోని గినీ తీరం దిక్కుకు తిరిగి ఉంటాయి. 1830 ఏప్రిల్‌లో, బానిస వ్యాపారాన్ని అప్పటికే నిషేధించినా దొంగచాటుగా మనుషుల్ని తెస్తున్న ఓడ ఒకటి అక్కడి రాళ్లకు కొట్టుకుని పగిలిపోయింది. అందులో చనిపోయినవాళ్ల కోసం లొరాఁ వలేర్ 1998లో వీటిని చేశాడు. గేటు లేదు, టిక్కెట్టు లేదు. అక్కడా తెలుపు చావు రంగే. విగ్రహాల మధ్య పిల్లలు పరుగెడుతుంటే ఎవరూ వారించలేదనీ, అది తనకు నచ్చిందనీ రాశారు. అన్ని దీవుల్లోనూ ఆవిడ మనసు పట్టుకున్నది ఈ చోటే.

అసలు ఆవిడ వెళ్లింది వేరే పని మీద, మన దేశం నుంచి వెళ్లిన కూలీల జాడ చూడటానికి. 1848లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల యజమానులు కూలీల కోసం మన తీరం వైపు చూశారు. ఒరేలీ అనే ఓడ 1853 మేలో సేన్ పియేర్ చేరింది, 1854 డిసెంబరు 24న గ్వాడెలూప్ చేరింది. 1889 దాకా గ్వాడెలూప్‌కు వెళ్లినవాళ్లు 42,000 దాకా ఉంటారు. తమిళులే ఎక్కువ, వాళ్లతో తెలుగువాళ్లూ కొందరు. గ్వాడెలూప్‌లోని ప్వాంతాపీత్ర్‌లో పాత దార్బూసియే చక్కెర ఫ్యాక్టరీ స్థలంలో 2015లో తెరిచిన మెమోరియల్ ఆక్ట్ పెద్ద మ్యూజియం. నల్లటి గోడల మీద వెండి వేళ్లలా అల్లిన జాలీ. బానిసత్వ చరిత్ర అంతా అక్కడ చూడవచ్చు. తరువాత వచ్చిన కూలీలకు ఇంకాస్త చోటు ఇచ్చి ఉండాల్సిందని ఆవిడ గట్టిగా వాదించారు.

ఆ చోటు అదే దీవిలోని కాపెస్తేర్‌లో దొరికింది. అరటి తోటల మధ్య రంగురంగుల షాంజీ గుడి. అక్కడివాళ్ల మొక్కులు మరియమ్మకు. జాతరనాడు డప్పు మోగుతుంది, మేకను బలిస్తారు, అరిటాకుల్లో భోజనం పెడతారు. మన నూకాలమ్మ తల్లి జాతరే గుర్తొచ్చిందట. ఆ ఊళ్లోనే 1863లో పుట్టిన ఆన్రీ సిదంబరం, కూలీల పిల్లలకు ఓటు హక్కు కావాలని 1904లో మొదలుపెట్టిన పోరాటం 1923 దాకా సాగింది, గెలిచింది. "పాఠాల్లో మనం గిర్మిటియాల, అంటే ఒప్పంద కూలీల, సంగతి రెండు లైన్లలో దాటేశాం. ఈయన పేరు ఒక్క పుస్తకంలోనైనా ఉండాలి" అని, పిల్లలకు చెప్పమని చెల్లెలికి ఆజ్ఞ.

అక్కడ తిన్న కోడి కొలంబో గురించి రాసింది మాత్రం గుడికన్నా పొడవు. ధనియాలు, జీలకర్ర, ఆవాలు, మెంతులు, పసుపు కలిపి దంచిన పొడి, నిమ్మరసం, పక్కన అన్నం. మొదటి ముద్దకు ఇల్లు గుర్తొచ్చింది. రెండో ముద్దకు కరివేపాకు లేదని తెలిసింది. మూడో ముద్దకు కారం సరిపోలేదని గిన్నెలో వేరే ఉంచిన పచ్చిమిర్చి తెప్పించుకుంటే అది గుంటూరును మించింది. భర్తగారు కళ్లనీళ్లతో రెండోసారి వడ్డించుకున్నారట.

ఆఖరి ఉత్తరం త్రువా రివియేర్ రేవులో పడవ కోసం కూర్చుని రాసింది. లె సేంట్ దీవులకు వెళ్లాలి. అక్కడి నెపోలియన్ కోటను మధ్యాహ్నానికే మూసేస్తారు, పడవేమో ఆలస్యం. జలుబు తగ్గింది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఏమన్నారో వెంటనే రాయమనీ, అబ్బాయి పొడుగు గురించి కాకుండా ఉద్యోగం గురించి రాయమనీ అడిగారు.