ఖామోషీ అంటే ఖుబూలేనా?



పోయిన వానాకాలం ఒక రాత్రి, ఇషా నమాజు అయ్యాక, మా చిన్నది ఫోను పట్టుకుని నా పక్కన చేరింది. "అమ్మీ, ఒక తమిళ సినిమా చూద్దామా? పెళ్లి సినిమా. నవ్వొస్తుంది" అంది.

మన యానాం సంగతి మీకు తెలిసిందే. రేషన్ కార్డు పుదుచ్చేరిది, ఓటు పుదుచ్చేరిది, నోట్లో మాట మాత్రం తెలుగు. ఇంట్లో అయితే సగం ఉర్దూ. తమిళం మనకెక్కడ వచ్చు? మా చిన్నది ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల పుదుచ్చేరిలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది కాబట్టి దానికి వచ్చు. అది అర్థం చెబుతుంటే నేను చూడటం మొదలుపెట్టాను.

సినిమా పేరు 'ఓ మణపెణ్ణే'. 2021లో వచ్చింది. హరీష్ కల్యాణ్, ప్రియా భవానీ శంకర్ జంట. పావుగంట గడిచాక "ఇది మన పెళ్లిచూపులు సినిమాయే కదే" అన్నాను. అవునట. 2016లో తరుణ్ భాస్కర్ తీసిన 'పెళ్లిచూపులు'ని తమిళంలో మళ్లీ తీశారు. మన తెలుగుదానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది.

కథ చాలామందికి తెలిసిందే. అబ్బాయివాళ్లు అమ్మాయిని చూడటానికి వస్తారు. ఇద్దరినీ మాట్లాడుకోమని గదిలోకి పంపితే తలుపు బిగుసుకుపోతుంది. బయట పెద్దవాళ్లు దాన్ని తీసే తంటాల్లో ఉంటే, లోపల వీళ్లిద్దరూ ఉన్నదున్నట్టు మాట్లాడుకుంటారు. తను చేయాలనుకున్నవేంటో, జరిగినవేంటో, ఇంట్లోవాళ్లకి చెప్పలేనివేంటో అన్నీ చెప్పుకుంటారు. తీరా చూస్తే అబ్బాయివాళ్లు వచ్చింది వేరే ఇంటికి!

చిన్నది పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా బుర్రలో ఒకటే సవాల్ తిరుగుతోంది: తలుపు బిగుసుకుపోతే తప్ప మన పిల్లలు దిల్ విప్పి మాట్లాడరా?

ఎందుకంటే ఆ వచ్చే ఆదివారమే మా ఇంటికి ఒక రిష్తా రావాలి. కాకినాడ వాళ్లు. ఖాందాన్ మంచిది, అబ్బాయికి ఉద్యోగం ఉంది, జహేజ్ మాట ఎత్తలేదు. నాలుగు రోజుల కింద చిన్నదానికి ఫోటో చూపించాను. చూసి ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను దాని అబ్బాతో "షర్మ్ పడుతోంది, ఇష్టమే" అని చెప్పేశాను. ఆయన అల్హందులిల్లాహ్ అన్నారు. బిర్యానీకి బియ్యం కూడా చెప్పేశాం.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇక్కడ చెప్పాలి.

నా నికాహ్ 1993లో అయింది. నాకు పంతొమ్మిదేళ్లు. ఆయన్ని అప్పటికి ఫోటోలో తప్ప చూడలేదు. లోపలి గదిలో ఎర్ర దుపట్టా కప్పి కూర్చోబెట్టారు. వకీల్ సాహెబ్, ఇద్దరు గవాలు పర్దా అవతల నిలబడ్డారు. పేరు, తండ్రి పేరు, మహర్ ఎంతో చెప్పి "ఖుబూలేనా బేటీ?" అని అడిగారు. నాకు నోరు పెగల్లేదు. రెండోసారి అడిగారు. గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది. మూడోసారి అడిగినప్పుడు వెనక కూర్చున్న ఒక పెద్దావిడ నా తలమీద చెయ్యి వేసి కిందికి వంచింది. "హా అంది, హా అంది" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. బయట ఖజ్జూరాలు పంచేశారు.

నాకు ఆయనంటే అయిష్టమా? కాదు. అప్పటికి ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. మనిషే తెలియనప్పుడు ఏముంటుంది? ఆయన మంచి మనిషి కావడం అల్లాహ్ కరమ్. కానీ నా జిందగీలో నన్ను అడిగిన అతిపెద్ద సవాలుకి జవాబు నాది కాదు. ఇంకొకరి చేతిది.

ఆ రాత్రి సినిమా అయిపోయాక మా నానీమా కూడా యాదొచ్చింది. యానాంని ఒకప్పుడు కల్యాణపురం అనేవాళ్లని మీరూ వినే ఉంటారు. 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిష్ వాళ్ల ఇలాకాలో శారదా చట్టం అమలైంది. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకి, పద్దెనిమిది నిండని మగపిల్లాడికి పెళ్లి చేస్తే శిక్ష. హిందువులకైనా మనకైనా చట్టం ఒకటే. కానీ యానాం ఫ్రెంచివాళ్లది, ఆ చట్టం ఇక్కడికి రాదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లల్ని చంకనెత్తుకుని వచ్చి ఇక్కడ పెళ్లిళ్లు చేసుకుపోయేవాళ్లు. 1954లో ఫ్రెంచివాళ్ల హుకూమత్ పోయేదాకా అదే తంతు. నానీమా చిన్నప్పుడు చూసిందట: రేవులో పడవ దిగే పెళ్లివారు, మేళాలు, నాన్న భుజమ్మీద నిద్రపోతున్న పెళ్లికూతురు. "దాని పెళ్లికి అది లేవనేలేదే" అని నవ్వుతూ చెప్పేది. మేమూ నవ్వేవాళ్లం.

నిద్రపోతున్న ఆ పిల్లకీ, పంతొమ్మిదేళ్లకి తల వంచబడిన నాకూ ఫరక్ ఎంత? నేను మెలకువగా ఉన్నాను, అంతే.

మనవాళ్లు ఒక హదీసు చెబుతారు, కన్నెపిల్ల ఖామోషీయే ఆమె ఇజాజత్ అని. నిజమే, సహీ హదీసే. కానీ పూర్తిగా చదవండి. పెళ్లికాని అమ్మాయిని కూడా ఇజాజత్ అడగకుండా నికాహ్ చేయకూడదన్నది అందులో మొదటి మాట. మరి సిగ్గుపడుతుంది కదా అంటే, అప్పుడు వచ్చిన జవాబు ఖామోషీ. అంటే ముందు అడగడం ఉంది, తర్వాత మౌనం ఉంది. మనం అడగడం వదిలేసి మౌనం ఒక్కటీ ఉంచుకున్నాం.

ఖన్సా బిన్తె ఖిదామ్ (ర) సంగతి బుఖారీ షరీఫ్‌లో ఉంది. అప్పటికే ఒకసారి పెళ్లయిన స్త్రీ ఆమె. ఇష్టం లేకుండా తండ్రి నికాహ్ చేస్తే ప్రవక్త (స) దగ్గరికి వెళ్లింది. ఆయన ఆ నికాహ్‌ని రద్దు చేశారు. ముగీరా బిన్ షుఅబా (ర) పెళ్లి మాట ఎత్తినప్పుడు, ముందు వెళ్లి అమ్మాయిని చూసుకో, మీ మధ్య ముహబ్బత్‌కి అది మంచిదని చెప్పారు. పెళ్లిచూపులు సినిమావాళ్ల ఈజాద్ కాదు మరి. మన దగ్గరే ఉన్నదాన్ని మనం ఫోటోతో సరిపెట్టాం.

చిన్నది ఫోను పక్కన పెట్టి దుప్పటి లాక్కుంటుంటే అడిగాను. "బేటా, కాకినాడ రిష్తా నీకు ఇష్టమేనా?"

చాలాసేపు మాట్లాడలేదు. ఈసారి నేను ఆ ఖామోషీని ఖుబూల్ అనుకోలేదు. కాచుకుని కూర్చున్నాను. బయట వాన.

"ఇష్టం లేదని కాదు అమ్మీ. మీరు అడగలేదు, నేను ఆలోచించలేదు. ఎలాగూ అయిపోతుంది కదా అనుకున్నా" అంది. తర్వాత మెల్లగా ఇంకో మాట. "కోర్సు అయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేయాలని ఉంది. అది వాళ్లకి ఎవరైనా చెప్పారా?"

ఎవరూ చెప్పలేదు. మాకే తెలియదు.

పొద్దున్న ఫజర్ అయ్యాక ఆయనతో అన్నీ చెప్పాను. నా తల వంచిన సంగతి కూడా. ఆయన చాయ్ కప్పు కింద పెట్టి కాసేపు నేల చూశారు. "అయితే నన్ను నువ్వు ఖుబూల్ చేయలేదన్నమాట" అన్నారు. "ముప్పై ఏళ్లయ్యాక ఏం చేద్దామజీ, ఆ బియ్యం సంగతి చూడండి" అన్నాను. నవ్వారు. కానీ ఆ రోజంతా నా వెనకే తిరిగారు.

ఆదివారం వాళ్లొచ్చారు. వరండాలో రెండు కుర్చీలు వేశాం. తలుపు బార్లా తీసే ఉంది. ఖల్వత్ అనే మాట రాకుండా మా అత్తగారు తస్బీహ్ తిప్పుకుంటూ పది అడుగుల్లో కూర్చున్నారు. అరగంట మాట్లాడుకున్నారు. ఆ అబ్బాయిని కూడా ఎవరూ అడగలేదట. తనకి ఇంట్లో ఉండే అమ్మాయి కావాలని ఉంది, అది చెబితే అమ్మీ బాధపడుతుందని ఊరుకున్నాడట. ఇద్దరూ సలామ్ చెప్పుకుని లేచారు. రిష్తా అక్కడితో ఆగిపోయింది.

బిర్యానీ మాత్రం అందరూ తిన్నారు. వాళ్లమ్మగారు వెళ్లేటప్పుడు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మొహల్లాలో "హాస్టల్‌కి పంపితే ఇంతే" అన్నవాళ్లూ ఉన్నారు. చిన్నదానికి ఇరవై రెండు దాటుతోంది. మంచి రిష్తా చేజారిందే అని ఒక్కోరాత్రి నాకూ నిద్ర పట్టదు. అబద్ధం చెప్పను. అయినా ఆ రెండిళ్ల పిల్లలూ పదేళ్ల తర్వాత మొహాలు తిప్పుకుని బతకడం కన్నా, ఒక అరగంట వరండాలో కూర్చోవడం మేలు కాదా?

మీ ఇంట్లో రిష్తా మాట నడుస్తుంటే ఒక్క పని చేయండి. చుట్టాలు, ఫోటోలు, చాయ్ ట్రే లేని ఒక మామూలు రోజున మీ బేటీని అడగండి. బేటాని కూడా. అడిగాక తొందరపడకండి. వకీల్ సాహెబ్ అడిగేనాటికి ఆ జవాబు వాళ్లదే అయి ఉండాలి.

మా పెద్దదానికి 2016లో నికాహ్ చేశాం. విశాఖలో ఉంటుంది, ఇద్దరు పిల్లలు. ఈ సంగతంతా తెలిసి పోయిన శుక్రవారం ఫోను చేసింది. పిల్లల చదువు, వర్షాలు, అన్నీ మాట్లాడింది. చివర్లో "చెల్లిని అడిగారట కదా అమ్మీ" అంది.

"అడిగాం బేటా" అన్నాను.

"మంచిపని" అని ఫోను పెట్టేసింది.

దాన్ని మేము అడగలేదు. ఈ ఈద్‌కి వచ్చినప్పుడు మాఫీ అడగాలి. దుఆలో యాద్ ఉంచుకోండి.